మేక్‌కు మనం చెప్పనివి

1976లో ఒక రోజు, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ తిట్టుకుంటూ స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. జాన్సన్ సామాన్యుడేమీ కాదు. కంపైలర్లు రాసేవాళ్లు నేటికీ తలుచుకునే యాక్ అనే పనిముట్టు ఆయన చేసిందే. అంతటివాడు ఆ పొద్దున్నంతా తన ప్రోగ్రాంలో ఒక తప్పు కోసం వెతికాడు. తీరా చూస్తే ప్రోగ్రాంలో తప్పే లేదు. దాన్ని అంతకుముందే సరిదిద్దేశాడు, కాకపోతే ఆ ఫైల్‌ను మళ్లీ కంపైల్ చెయ్యలేదు. కళ్ల ముందున్నది కొత్త కోడ్, మెషీన్‌లో నడుస్తున్నది పాత కోడ్. ముందురోజు సాయంత్రం ఫెల్డ్‌మన్ కూడా తన పనిలో ఇదే తలనొప్పి పడ్డాడు. ఏ ఫైల్ మారితే ఏది మళ్లీ కంపైల్ కావాలో తనంతట తానే చూసుకునే పనిముట్టు ఒకటి ఉంటే బాగుండునన్న ఆలోచన ఇద్దరి మాటల్లోంచి పుట్టింది.

మొదట ఫెల్డ్‌మన్ అనుకున్నది చాలా పెద్దది. ఏ ఫైల్ దేని మీద ఆధారపడి ఉందో విశ్లేషించే ప్రోగ్రాం రాద్దామనుకున్నాడు. చివరికి దాన్ని బాగా కుదించి, ఆ వారాంతంలోనే ఒక చిన్న ప్రోగ్రాంగా రాసేశాడు. దాని పేరే మేక్. అది ఏదీ విశ్లేషించదు. ఏది దేని మీద ఆధారపడిందో మనమే ఒక ఫైల్‌లో రాసివ్వాలి. ఆ ఫైల్ పేరు మేక్‌ఫైల్.

మేక్‌ను అర్థం చేసుకోవడానికైనా, దాంతో వచ్చే చిక్కులు విప్పుకోవడానికైనా ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. మేక్‌కు మనం చెప్పిందే తెలుసు. చెప్పనిది తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించదు కూడా. ఆ వారాంతంలో ఫెల్డ్‌మన్ పక్కన పెట్టిన పనినే ఈ యాభై ఏళ్లుగా జీసీసీ కంపైలర్ నుంచి లైనక్స్ కెర్నెల్ దాకా, నింజా అనే పనిముట్టు నుంచి బేజెల్ దాకా తలా ఒక చెయ్యి వేసి పూర్తి చేస్తున్నారు.

ఏది మారితే ఏది కదలాలి

సి భాషలో రాసిన ప్రోగ్రాం రెండు అంచెల్లో తయారవుతుంది. ముందు ఒక్కో సోర్స్ ఫైల్‌ను కంపైలర్ విడివిడిగా చదివి ఒక్కో ఆబ్జెక్ట్ ఫైల్ ఇస్తుంది. తర్వాత లింకర్ ఆ ఆబ్జెక్ట్ ఫైళ్లన్నిటినీ కలిపి, నడపడానికి వీలైన ప్రోగ్రాంగా మారుస్తుంది. వంద సోర్స్ ఫైళ్లలో ఒకటి మారితే ఆ ఒక్కటే కంపైల్ చేసి, చివరి లింకు మళ్లీ వేస్తే సరిపోతుంది. పులుసులో ఉప్పు చాలకపోతే పులుసు సరిచేసి పులిహోర మళ్లీ కలుపుతాం గానీ అన్నం మళ్లీ వండం కదా, అలాగే.

వంద ఫైళ్లలో ఈ లెక్క మనసులో పెట్టుకోవడం మనిషి వల్ల కాదు. రెండు దారులే మిగులుతాయి. మొత్తం మళ్లీ కంపైల్ చెయ్యడం ఒకటి, అప్పటి యంత్రాల మీద దానికి చాలాసేపు పట్టేది. గుర్తున్నంత మేరకు కంపైల్ చెయ్యడం రెండోది. జాన్సన్ పొద్దున్నంతా పోగొట్టుకున్నది ఈ రెండో దారిలోనే.

మేక్‌ఫైల్‌లో రాసే ఒక్కో నియమాన్ని రూల్ అంటారు. అందులో మూడు ముక్కలుంటాయి: తయారు కావలసిన ఫైల్, అంటే టార్గెట్, అది ఆధారపడే ఫైళ్లు, అంటే డిపెండెన్సీలు, తయారుచేసే కమాండ్లు, అంటే రెసిపీ. జమాఖర్చులు చూసే ఒక చిన్న ప్రోగ్రాం ఉందనుకుందాం. దాని మేక్‌ఫైల్ ఇలా ఉంటుంది. పోలిక తెలియడానికి తెలుగు లిపిలో ఇస్తున్నాం, కంప్యూటర్‌లో ఈ కమాండ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇందులో సీసీ అంటే కంపైలర్‌ను పిలిచే కమాండ్.

పద్దు: మెయిన్.ఓ లెక్క.ఓ
    సీసీ -ఓ పద్దు మెయిన్.ఓ లెక్క.ఓ

మెయిన్.ఓ: మెయిన్.సి లెక్క.హెచ్
    సీసీ -సి మెయిన్.సి

లెక్క.ఓ: లెక్క.సి లెక్క.హెచ్
    సీసీ -సి లెక్క.సి

టెర్మినల్‌లో మేక్ అని కొట్టగానే అది ముందు ఈ ఫైలంతా చదివి, ఏది దేనికి కావాలో చూపే ఒక గ్రాఫ్ కట్టుకుంటుంది. తర్వాతే పనిలోకి దిగుతుంది. ఏ టార్గెట్ కావాలో మనం చెప్పకపోతే మొదటి రూల్‌లోని టార్గెట్‌ను తీసుకుంటుంది. ఇక్కడ అది ‘పద్దు’. దానికి రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లు కావాలి, వాటికి సోర్స్ ఫైళ్లు కావాలి. అలా అడుగుదాకా వెళ్లి, అక్కడి నుంచి పైకి వస్తూ ఒక్కో చోట ఒకే ప్రశ్న వేసుకుంటుంది: టార్గెట్ ఉందా, ఉంటే అది తన డిపెండెన్సీలన్నిటికంటే తర్వాత పుట్టిందేనా? ఏ డిపెండెన్సీ అయినా టార్గెట్ కంటే కొత్తదైతే రెసిపీ నడుపుతుంది. లేకపోతే ముట్టుకోదు. అన్నీ సరిగా ఉంటే చెయ్యడానికేమీ లేదని ఒక ముక్క చెప్పి ఆగిపోతుంది.

కొత్తదా పాతదా అన్నది ఫైల్‌ను చివరిసారి మార్చిన సమయాన్ని బట్టి తేలుతుంది. ఆ సమయాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ ఎలాగూ ప్రతి ఫైల్‌కూ రాసి ఉంచుతుంది కాబట్టి మేక్ సొంతంగా చిట్టా పెట్టుకోదు. ఫైల్ లోపల ఏముందో చూడదు, అది సి ప్రోగ్రామా పాఠమా అని అడగదు. అందుకే దాన్ని కంపైలర్లకు మాత్రమే కట్టెయ్యనక్కర్లేదు. టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాంతో పుస్తకాలు కూర్చేవాళ్లు అధ్యాయాల నుంచి పీడీఎఫ్ తయారీకి, పరిశోధకులు ముడి లెక్కల నుంచి గ్రాఫుల తయారీకి అదే మేక్‌ను వాడతారు.

కంటికి కనిపించని ట్యాబ్

మేక్ నేర్చుకునే ప్రతివాళ్లూ మొదటి రోజు కొట్టుకునే రాయి ఒకటుంది. రెసిపీ పంక్తి ట్యాబ్‌తో మొదలవ్వాలి. ఎనిమిది స్పేసులు పెడితే చూడ్డానికి అచ్చు అలాగే ఉంటుంది, మేక్ మాత్రం సెపరేటర్ లేదంటూ ఆగిపోతుంది.

దీని వెనుక ఏదో లోతైన కారణం ఉందనుకుంటే పొరపాటు. యాక్, లెక్స్ అప్పట్లో కొత్త పనిముట్లు. వాటిని నేర్చుకున్నట్టూ ఉంటుందని ఫెల్డ్‌మన్ మేక్‌ఫైల్‌ను చదివే భాగాన్ని వాటితో మొదలుపెట్టాడు. లెక్స్‌తో మొదటి ప్రయత్నంలో చిక్కుపడి, కొత్త పంక్తి వెంటనే ట్యాబ్ వస్తే అది రెసిపీ అన్న సులువైన పద్ధతి పెట్టేశాడు. అది పనిచేసింది, ఉండిపోయింది. కొన్ని వారాల్లోనే డజను మంది దాకా దాన్ని వాడడం మొదలుపెట్టారు, అందులో చాలామంది స్నేహితులు. వాళ్ల ఫైళ్లు పాడవుతాయని ఆయన ఇక దాన్ని మార్చలేదు. డజను మందికి ఇబ్బంది ఎందుకని ఆగిన మార్పు ఆ తర్వాత లక్షల మందికి ఇబ్బందై కూర్చుంది. మేక్ రూపాల్లో ఒకటి గ్నూ మేక్. 2010లో వచ్చిన దాని 3.82 వెర్షన్‌లో ట్యాబ్ బదులు వేరే అక్షరం పెట్టుకునే వీలు కల్పించారు. దాన్ని వాడేవాళ్లు తక్కువే. యాపిల్ మ్యాక్‌లతో వచ్చే మేక్ అయితే ఇంకా 2006 నాటి 3.81 దగ్గరే ఆగి ఉంది.

రెసిపీలో మరో తిరకాసు కూడా ఉంది. అందులోని ఒక్కో పంక్తినీ మేక్ ఒక్కో కొత్త షెల్‌కు అప్పగిస్తుంది. మొదటి పంక్తిలో వేరే ఫోల్డర్‌లోకి వెళ్లి, రెండో పంక్తిలో అక్కడేదో చేద్దామనుకుంటే కుదరదు. రెండో షెల్ మళ్లీ మొదటి ఫోల్డర్‌లోనే కళ్లు తెరుస్తుంది. రెండు పనులూ ఒకే పంక్తిలో కలిపి రాయాలి.

మీట ఎవరి చేతిలో ఉంది

పైన చూపిన మేక్‌ఫైల్ మూడు ఫైళ్లకు చాలు. ముప్ఫై అయితే ప్రతి ఫైల్‌కూ రూల్ రాస్తూ కూర్చోలేం. అందుకు ప్యాటర్న్ రూల్ ఉంది. ‘%.ఓ’ అనే ఏ ఫైలైనా అదే పేరున్న ‘%.సి’ నుంచి తయారవుతుందని ఒక్కసారి రాస్తే, శాతం గుర్తు ఉన్నచోట పేరు తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. రెసిపీలో పేర్లకు బదులు గుర్తులు వాడతాం: టార్గెట్‌కు ‘$@’, మొదటి డిపెండెన్సీకి ‘$<’, డిపెండెన్సీలన్నిటికీ కలిపి ‘$^’. మొదట చూసినప్పుడు బూతుల్లా కనిపించినా, మూడూ అలవాటైతే సగం మేక్ వచ్చేసినట్టే.

తర్వాత వేరియబుల్స్. ఏ కంపైలర్ వాడాలో సీసీలోను, దానికి ఏ ఫ్లాగ్‌లు ఇవ్వాలో సీఫ్లాగ్స్‌లోను రాయడం వాడుక. వీటి విలువ నాలుగు చోట్ల నుంచి రావచ్చు: టెర్మినల్‌లో మేక్ పక్కనే రాసింది, మేక్‌ఫైల్‌లో రాసింది, షెల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నది, మేక్ తనతో తెచ్చుకున్నది. పెద్దరికం కూడా ఇదే వరసలో ఉంటుంది. టెర్మినల్‌లో రాసిన మాటదే పైచేయి. దీని వెనుక మర్యాద ఉంది. ఫైల్ రాసినవాడి ఇష్టాలు ఫైల్‌లో ఉంటాయి, కానీ ఇప్పుడు బిల్డ్ చేస్తున్న మనిషి డీబగ్ గుర్తులు కావాలన్నా వేరే కంపైలర్ వాడతానన్నా ఫైల్ ముట్టుకోకుండా చెప్పగలగాలి. మంచి మేక్‌ఫైల్ ఈ దారిని మూసెయ్యదు.

ఈ వరస తెలియకపోతే ఎలా బోల్తా పడతామో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ‘?=’ అంటే, ఆ వేరియబుల్‌కు ఇంకా విలువ లేకపోతేనే ఇది పెట్టు అని. చాలామంది సీసీకి జీసీసీ అని ఈ గుర్తుతో రాస్తారు. గ్నూ మేక్‌లో ఆ పంక్తి ఏమీ చెయ్యదు. సీసీకి మేక్ ముందే ఒక విలువ పెట్టుకుని వస్తుంది, అది ఖాళీగా ఉండదు కాబట్టి మనం రాసింది పక్కకు పోతుంది. తప్పు చూపే సందేశమూ రాదు.

విలువ పెట్టే గుర్తుల్లోనూ తేడా ఉంది. ఉత్త ‘=’ గుర్తుతో రాస్తే కుడివైపున్నది అలాగే దాచి, వాడిన ప్రతిసారీ కొత్తగా లెక్క కడుతుంది. ‘:=’ అని రాస్తే చదివిన క్షణంలోనే ఒక్కసారి లెక్క కట్టి ఆ ఫలితాన్నే ఉంచుకుంటుంది. కుడివైపు డిస్క్ అంతా గాలించే షెల్ కమాండ్ ఉందనుకోండి. మొదటి పద్ధతిలో వంద చోట్ల వాడితే వందసార్లు గాలిస్తుంది. బిల్డ్ ఎందుకో నెమ్మదించిందని వాపోయే చోట్ల ఈ ఒక్క గుర్తు మార్చి చూడటం తేలికైన మొదటి పరీక్ష.

ఇంకో రెండు అమరికలు ప్రతి మేక్‌ఫైల్‌లోనూ ఉండదగ్గవి. తయారైన ఫైళ్లన్నీ తుడిచేసే ‘క్లీన్’ లాంటి టార్గెట్ నిజానికి ఏ ఫైల్‌నూ పుట్టించదు. ఎవరైనా అదే పేరుతో ఒక ఫైల్ సృష్టిస్తే, అది ఉంది కదా ఇక చెయ్యడానికేముందని మేక్ ఊరుకుంటుంది. క్లీన్ అన్నది ఫైల్ కాదు, పని మాత్రమే అని ఫోనీ అనే ప్రకటనతో చెప్పాలి. రెండోది: రెసిపీ మధ్యలో ఫెయిలైనప్పుడు సగం రాసిన ఫైల్ డిస్క్‌లో మిగిలిపోవచ్చు. దాని సమయం కొత్తది కాబట్టి మరుసటిసారి మేక్ దాన్ని పూర్తయిన ఫైల్ అనుకుంటుంది. తప్పు జరిగితే టార్గెట్‌ను తుడిచెయ్యమని చెప్పే ఒక పంక్తి గ్నూ మేక్‌లో ఉంది. అది రాస్తే తప్ప తుడవదు.

హెడర్ ఫైళ్ల గొడవ

ఇప్పుడు అసలు చిక్కు. ‘లెక్క.హెచ్’ అనే హెడర్‌ను, అంటే ఉమ్మడి ప్రకటనలుండే ఫైల్‌ను, రెండు సోర్స్ ఫైళ్లు వాడుతున్నాయని మేక్‌ఫైల్‌లో చేత్తో రాశాం. రేపు ఎవరో ‘మెయిన్.సి’లో ఇంకో హెడర్ చేర్చి, మేక్‌ఫైల్‌లో రాయడం మరిచిపోతారు. ఆ రోజు ఏమీ కాదు. బిల్డ్ బాగానే నడుస్తుంది. వారం తర్వాత ఆ కొత్త హెడర్‌లో ఒక స్ట్రక్చర్ కొలత మారుతుంది. హెడర్ సంగతి తెలియని మేక్ ‘మెయిన్.ఓ’ను ముట్టుకోదు. ఒక ఆబ్జెక్ట్ ఫైల్ పాత కొలతతోను, మరొకటి కొత్త కొలతతోను లింక్ అవుతాయి. ప్రోగ్రాం ఎక్కడో సంబంధం లేని చోట కూలిపోతుంది. జాన్సన్ పడ్డ అవస్థే, ఈసారి మేక్ వాడుతూ కూడా.

నిజానికి ఏ ఫైల్ ఏ హెడర్లను వాడుతోందో కంపైలర్‌కు తెలుసు, వాటిని తెరిచి చదివేది అదే. ఆ జాబితాను మేక్ రూల్ రూపంలో ఒక ఫైల్‌లో రాసిపెట్టమని జీసీసీకి చెప్పే ఫ్లాగ్ ఉంది: మైనస్ పెట్టి ఎం, ఎం, డి. కంపైల్ చేస్తూ చేస్తూనే అది ఆ చిట్టా రాస్తుంది. ఆ చిట్టాలను మేక్‌ఫైల్ చివర ఇంక్లూడ్ చేసుకుంటే సరి. మొదటిసారి చిట్టా ఉండదు కదా అన్న అనుమానం రావచ్చు. మొదటిసారి దాని అవసరమూ లేదు. ఆబ్జెక్ట్ ఫైలే లేదు కాబట్టి ఎలాగూ కంపైల్ అవుతుంది, అప్పుడే చిట్టా పుడుతుంది, రెండోసారి నుంచి పనికొస్తుంది. ఫెల్డ్‌మన్ వదిలేసిన విశ్లేషణలో ఒక ముక్కను కంపైలర్ ఇలా తన నెత్తిన వేసుకుంది.

కెర్నెల్ చేసిన ఏర్పాటు

హెడర్లతో కథ అయిపోలేదు. ‘లెక్క.ఓ’ దాని సోర్స్ మీదా హెడర్ల మీదా మాత్రమే ఆధారపడి లేదు. కంపైలర్‌కు ఏ ఫ్లాగ్‌లు ఇచ్చామన్నదాని మీద కూడా ఆధారపడి ఉంది. సీఫ్లాగ్స్ మార్చి మేక్ అని కొడితే, ఏ ఫైల్ సమయమూ మారలేదు కాబట్టి చెయ్యడానికేమీ లేదంటుంది.

ఈ చిక్కును పట్టుదలగా విప్పింది లైనక్స్ కెర్నెల్ వాళ్లు. పదుల వేల సోర్స్ ఫైళ్లున్న ఆ ప్రాజెక్టు నేటికీ గ్నూ మేక్ మీదే నడుస్తుంది. వాళ్లు దాని మీద కట్టుకున్న ఏర్పాటు పేరు కేబిల్డ్. ముందుగా మెనూకాన్ఫిగ్ అనే తెరలో ఏ డ్రైవర్ కావాలో ఏది అక్కర్లేదో ఎంచుకుంటాం. చాలా అంశాలకు మూడు జవాబులుంటాయి: కెర్నెల్‌లోనే కలిపెయ్యి అంటే వై, విడిగా మాడ్యూల్‌గా ఉంచు అంటే ఎం, వద్దంటే ఎన్. ఈ జవాబులన్నీ ఒక కాన్ఫిగ్ ఫైల్‌లోకి చేరతాయి, మేక్ వాటిని వేరియబుల్స్‌గా చదువుకుంటుంది.

ఒక్కో ఫోల్డర్‌లోని మేక్‌ఫైల్‌లో ఇక షరతులేమీ రాయనక్కర్లేదు. జాబితా పేరులోనే ఆ వేరియబుల్‌ను ఇరికిస్తారు. జవాబు వై అయితే ఆ ఆబ్జెక్ట్ ఫైల్ పేరు కెర్నెల్‌లో కలిసే జాబితాలో పడుతుంది, ఎం అయితే మాడ్యూళ్ల జాబితాలో పడుతుంది. వద్దంటే ఎవరూ చదవని జాబితాలోకి వెళుతుంది. ఒక డ్రైవర్‌కు ఒక్క పంక్తి సరిపోతుంది.

ఎంచుకున్న జవాబులు సి ఫైళ్లకూ తెలియాలి కాబట్టి వాటన్నిటినీ ఒక హెడర్‌లో కూడా రాస్తారు, ప్రతి సోర్స్ ఫైలూ ఆ హెడర్‌ను చేర్చుకుంటుంది. ఇక్కడే ప్రమాదం. వేల జవాబుల్లో ఒక్కటి మార్చినా ఆ హెడర్ మారుతుంది, కంపైలర్ రాసిన చిట్టా ప్రకారం మొత్తం కెర్నెల్ మళ్లీ కంపైల్ కావాలి. దీనికి ఫిక్స్‌డెప్ అనే చిన్న ప్రోగ్రాం రాశారు. అది కంపైలర్ చిట్టా తీసుకుని, అందులోంచి ఆ పెద్ద హెడర్ పేరు కొట్టేస్తుంది. బదులుగా ఆ సోర్స్‌లోను, అది చేర్చుకున్న హెడర్లలోను నిజంగా ఏ కాన్ఫిగ్ పేర్లు కనిపిస్తున్నాయో వెతికి, ఒక్కో పేరుకు ఒక్కో ఖాళీ ఫైల్‌ను డిపెండెన్సీగా రాస్తుంది. ఏదైనా జవాబు మారినప్పుడు దానికి సంబంధించిన ఖాళీ ఫైల్ సమయాన్ని మాత్రం కొత్తగా మారుస్తారు. సమయం తప్ప మరేదీ చూడని మేక్‌కు, జవాబులో మార్పును సమయంలో మార్పుగా తర్జుమా చేసి ఇచ్చారన్నమాట.

ఫ్లాగ్‌ల విషయంలోనూ ఇంతే. ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్ పక్కనే, దాన్ని తయారుచేసిన పూర్తి కమాండ్‌ను ఒక దాపుడు ఫైల్‌లో రాసి ఉంచుతారు. మరుసటిసారి ఇవ్వబోయే కమాండ్‌ను పాతదానితో పోల్చి, ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ కంపైల్ చేస్తారు. మేక్‌లో లేని తెలివిని మేక్ భాషలోనే రాసుకున్నారు.

ఒకేసారి పదహారు పనులు

మేక్‌కు మైనస్ జె అని చెప్పి పక్కన 16 రాస్తే, ఒకదానితో ఒకటి సంబంధం లేని పదహారు పనులను ఒకేసారి నడుపుతుంది. ఏది దేనికి ముందు కావాలో గ్రాఫ్‌లో ఉంది కాబట్టి, మిగిలినవాటి వరస తనకు పట్టింపు లేదు. అంకె రాయకుండా ఉత్త మైనస్ జె అంటే హద్దే ఉండదు. పెద్ద ప్రాజెక్టులో అలా కొడితే మెమరీ అంతా నిండి కంప్యూటర్ కదలదు.

ఒక మేక్ లోపల నుంచి ఇంకో మేక్‌ను పిలిచినప్పుడు ఒక్కొక్కటీ పదహారేసి పనులు మొదలుపెట్టకుండా గ్నూ మేక్‌లో జాబ్‌సర్వర్ అనే ఏర్పాటు ఉంది. పై మేక్ ఒక పైపులో కొన్ని టోకెన్లు వేస్తుంది, ఒక్కో టోకెన్ ఒక్క బైటు. అదనపు పని మొదలుపెట్టాలంటే పైపులోంచి ఒక టోకెన్ తీసుకోవాలి, అయ్యాక తిరిగి వెయ్యాలి. టోకెన్ లేకపోతే ఆగాలి. ఎంత లోతున ఎన్ని మేక్‌లున్నా మొత్తం కలిపి పదహారు దాటవు.

పనులు ఒక్కొక్కటిగా నడిచినప్పుడు కప్పుకుపోయిన తప్పులు ఇక్కడ బయటపడతాయి. ఒక హెడర్‌ను వేరే ప్రోగ్రాం తయారుచేస్తుందనుకోండి. దాన్ని వాడే ఫైల్‌కు ఆ సంగతి రాయలేదు. జాబితాలో అది ముందుంది కాబట్టి ఇన్నాళ్లూ ముందే తయారైపోయింది, బిల్డ్ నడిచింది. పదహారు పనులు కలగలిసి నడిచేసరికి ఒకసారి నడుస్తుంది, ఒకసారి ఆ హెడర్ లేదంటూ ఆగుతుంది. అప్పుడు చాలామంది మైనస్ జె మానేస్తారు. రోగం మైనస్ జెలో లేదు, రాయని డిపెండెన్సీలో ఉంది. 2022లో వచ్చిన గ్నూ మేక్ 4.4లో షఫుల్ అనే ఆప్షన్ పెట్టింది ఇందుకే. డిపెండెన్సీల వరసను కావాలనే కలిపేసి నడుపుతుంది, రాయనివి ఏవైనా ఉంటే బయటికి లాగుతుంది.

ఒక్కో ఫోల్డర్‌కు ఒక్కో మేక్‌ఫైల్ రాసి, పై మేక్ చేత కింది మేక్‌లను పిలిపించడం పాత అలవాటు. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ మిల్లర్ 1998లో అచ్చయిన ఒక వ్యాసంలో దీన్ని గట్టిగా ఎండగట్టాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది: గ్రాఫ్‌ను ముక్కలు చేస్తే ఏ మేక్‌కూ మొత్తం బొమ్మ కనిపించదు, ఫోల్డర్ల మధ్యనున్న డిపెండెన్సీలు ఎవరికీ తెలియకుండా పోతాయి. తర్వాత మనం దాన్ని సరిచెయ్యడానికి ఫోల్డర్ల వరస మారుస్తూ, రెండుసార్లు బిల్డ్ చేస్తూ కాలం గడుపుతాం. మిల్లర్ మందు, మేక్‌ఫైల్ ముక్కలన్నిటినీ ఇంక్లూడ్ చేసి ఒకే మేక్‌కు ఒకే గ్రాఫ్ చూపించడం.

గడియారాన్ని నమ్ముకుంటే

సమయాన్ని చూసి కొత్తదనాన్ని తేల్చడం చవకైన ఉపాయమే గానీ లొసుగులున్నదే. ఫైళ్లు నెట్‌వర్క్‌లోని వేరే సర్వర్ మీద ఉండి, ఆ సర్వర్ గడియారం మన కంప్యూటర్ కంటే ముందుంటే, ఫైళ్లు భవిష్యత్తులో పుట్టినట్టు కనిపిస్తాయి. గడియారాలు కలవడం లేదు, బిల్డ్ పూర్తి కాకపోవచ్చు అని మేక్ హెచ్చరిస్తుంది. బ్యాకప్ నుంచి పాత సోర్స్ ఫైల్‌ను దాని పాత సమయంతో సహా వెనక్కి తెస్తే, లోపల మారినా మేక్ గుర్తించదు. గిట్ ఈ ప్రమాదం తప్పిస్తుంది. బ్రాంచ్ మార్చినప్పుడు అది మార్చిన ఫైళ్లకు పాత సమయం కాకుండా ఆ క్షణపు సమయమే పడుతుంది. దానివల్ల కొన్ని ఫైళ్లు అనవసరంగా కంపైల్ అవుతాయి. అయినా, కావలసినది కంపైల్ కాకపోవడం కంటే అక్కర్లేనిది ఇంకోసారి కావడమే నయం.

మేక్ తర్వాత వచ్చిన పనిముట్లు ఈ లొసుగులను ఒక్కొక్కటిగా పూడుస్తూ వచ్చినవే. 1991లో మొదలైన ఆటోకాన్ఫ్, బిల్డ్ చేసే కంప్యూటర్‌లో ఏమున్నాయో పరీక్షించి దానికి తగ్గ మేక్‌ఫైల్ రాసిస్తుంది. 2000 ప్రాంతంలో కిట్‌వేర్ సంస్థలో పుట్టిన సీమేక్ ఒకే వర్ణన నుంచి వేర్వేరు వ్యవస్థలకు మేక్‌ఫైళ్లు పుట్టిస్తుంది. గూగుల్‌లో క్రోమ్ బ్రౌజర్ మీద పనిచేసిన ఇవాన్ మార్టిన్ నింజా రాశాడు. ముప్ఫై వేలకు పైగా సోర్స్ ఫైళ్లున్న క్రోమ్‌లో ఒక్క ఫైల్ మారిస్తే, పాత పద్ధతిలో ఏం చెయ్యాలో తేల్చుకోవడానికే పది సెకన్లు పట్టేది. నింజాకు సెకను కూడా పట్టలేదు. అది మేక్‌లోని సదుపాయాలు చాలావరకు తీసేసింది, కమాండ్ మారితే మళ్లీ నడిపే తెలివిని మాత్రం కడుపులోనే పెట్టుకుంది. గూగుల్ 2015లో అందరికీ ఇచ్చిన బేజెల్ ఇంకో అడుగు వేసింది. ఫైల్ మారిందా లేదా అన్నది సమయాన్ని బట్టి కాక, లోపలున్నదాని హ్యాష్‌ను బట్టి తేలుస్తుంది. ఒక్కో పనిని విడి గదిలో పెట్టినట్టు నడిపి, చెప్పని ఫైల్ దాని కంటపడకుండా చూస్తుంది. రాయని డిపెండెన్సీ ఏదైనా ఉంటే ఎప్పుడో కూలిపోవడం కాకుండా వెంటనే దొరికిపోతుంది.

అలాగని చిన్న ప్రాజెక్టుకు మేక్ పనికిరాకుండా పోలేదు. దాదాపు ప్రతి యూనిక్స్ తరహా వ్యవస్థ మీదా దొరుకుతుంది, ఇరవై పంక్తుల్లో పని జరిగిపోతుంది. ఫెల్డ్‌మన్‌కు 2003లో ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది ఆ వారాంతపు ప్రోగ్రాంకే.

మన మేక్‌ఫైల్ సరిగా ఉందో లేదో చూసుకోవడానికి తేలికైన పరీక్షలున్నాయి. ఒక హెడర్ సమయాన్ని టచ్ కమాండ్‌తో మార్చి, మేక్‌ను మైనస్ ఎన్‌తో నడపండి. అది ఏమీ చెయ్యకుండా ఏమేం చేస్తుందో మాత్రం చెబుతుంది. ఆ హెడర్ వాడే ఫైళ్లన్నీ ఆ జాబితాలో ఉండాలి, వాడనివి ఉండకూడదు. వెంటవెంటనే రెండుసార్లు మేక్ కొట్టండి. రెండోసారి కూడా ఏదైనా కంపైల్ అవుతుంటే ఏదో టార్గెట్ తాను చెప్పిన ఫైల్‌ను పుట్టించడం లేదన్నమాట. షఫుల్‌తో కలిపి మైనస్ జె నడపండి.

వీటన్నిటి వెనుకా ఉన్న కొలబద్ద ఒకటే. అంతా తుడిచి మొదటి నుంచి కట్టినా, మారిన ఫైళ్లు మాత్రమే కట్టినా తయారయ్యే ప్రోగ్రాం ఒకేలా పనిచెయ్యాలి. ఏదైనా వింతగా ప్రవర్తించగానే ఒకసారి క్లీన్ కొట్టి చూడు అని పక్కవాళ్లకు సలహా ఇచ్చే అలవాటు మీ జట్టులో ఉంటే, మీ మేక్‌ఫైల్‌లో రాయని డిపెండెన్సీ కనీసం ఒకటి ఉందని అర్థం. క్లీన్ కొడితే ఆ పూటకు గండం గడుస్తుంది. డిపెండెన్సీ వెతికి రాస్తే ఇక క్లీన్ కొట్టే పనే ఉండదు.